పక్క రిగ్ పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కగానే మా 20 మీటర్ల రిగ్‌కి చెవుడు వస్తోంది, ఏం చేయాలి?

గోదారి_గట్టు

అందరికీ నమస్కారం. హామ్ రేడియో లైసెన్స్ వచ్చి మూడేళ్లయింది కానీ ఒకే డాబా మీద రెండు రిగ్గులు (రేడియో సెట్లు) నడపడం ఇదే మొదటిసారి, అందుకే ఈ తిప్పలు. అక్టోబర్ మూడో వారాంతంలో స్కౌట్లు రేడియోలో పలకరించుకునే జాంబోరీ ఆన్ ది ఎయిర్ ఉంటుంది కదా, దానికి మా రాజమండ్రిలో ఒక స్కూలు డాబా మీద ముగ్గురం కలిసి రెండు స్టేషన్లు పెడదామనుకున్నాం. ఒకటి 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్), ఒకటి 20 మీటర్లది (14 మెగాహెర్ట్జ్). ఒక టేబుల్ దగ్గర పిల్లలు మన దేశం స్టేషన్లు వింటారు, ఇంకో టేబుల్ దగ్గర విదేశాలవి. మొన్న ఆదివారం ట్రయల్ వేశాం. హెడ్మాస్టరు గారు కూడా పైకొచ్చి చూశారు, ఆయన ముందే పరువు పోయింది.

డాబా పొడవు 45 మీటర్లు ఉంటుంది, వెడల్పు 18. పొడుగు పిట్టగోడ పక్కన 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీ (తిరగేసిన V లాంటి తీగ యాంటెన్నా) కట్టాం, ఎదురు పిట్టగోడ పక్కన 20 మీటర్ల డైపోల్ (తిన్నగా లాగిన తీగ యాంటెన్నా). రెండూ సమాంతరంగా ఉన్నాయి, మధ్యలో 15, 16 మీటర్ల దూరం. మాస్టులు వెదురు గడలే. రెండు రిగ్గులూ 100 వాట్లవి, యాంటెన్నా కేబుళ్లు ఆర్‌జీ-58 రకం, రెండింటికీ కరెంటు ఒకటే ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి.

ఇప్పుడు జబ్బు చెప్తాను. మా వాడు 7.090 మీద మాట్లాడటం మొదలుపెట్టగానే 14.290 వింటున్న నాకు స్టేషన్లన్నీ మాయం. వాడి మాటకు తగ్గట్టు గరగర మని మోత, ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) 7 దాకా లేస్తుంది. వాడు పీటీటీ వదలగానే బ్యాండ్ మళ్లీ మామూలే. ఇది కాక, 14.180 దగ్గరికి తిప్పితే ఎస్9 పైన 20 డీబీతో మా వాడి గొంతే వినిపిస్తోంది, కుండలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు. నేను 20లో మాట్లాడేటప్పుడు వాడికీ కొంత ఇబ్బంది ఉంది కానీ ఇంత లేదు.

తెలిసినాయన ఒకరు బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఒక్క బ్యాండునే దాటనిచ్చేది) కొనమన్నారు. రెండు కొనేంత డబ్బు మా దగ్గర లేదు, ఒకటైతే చందాలు వేసుకుంటాం. ఆ ఒక్కటీ ఏ రిగ్‌కి పెట్టాలి? అసలు కొనకుండా దారి ఉందా?

డాంగిల్_పోయినోడు

అన్నా నువ్వు అదృష్టవంతుడివి, రిగ్ చెవుడు పడి ఊరుకుంది. నాది చచ్చిపోయింది. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ మీద 2 మీటర్ల బ్యాండు వర్టికల్ యాంటెన్నాకి మూడడుగుల దూరంలో ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి పెట్టే చిన్న రిసీవర్) యాంటెన్నా కట్టిన. మొబైల్ రిగ్‌తో 50 వాట్లు కొట్టగానే స్క్రీన్ మీద వాటర్‌ఫాల్ (సిగ్నళ్ల బొమ్మ) అంతా పచ్చగా వెలిగింది, ఆ తర్వాత ఎన్ని యాంటెన్నాలు మార్చినా ఎఫ్ఎం స్టేషన్ కూడా సరిగ్గా వినపడలే. ఆ డాంగిళ్లు తట్టుకునేది మిల్లీవాట్లలోనే, నేను వాట్లు పోసిన. అందుకే ముందు అడుగుతున్న, మీ వాడు 100 వాట్లు కొడుతుంటే నీ రిగ్ యాంటెన్నాలోకి ఎంత వస్తుందో లెక్క చూసుకున్నావా?

పాత_వాల్వు

పైన తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. 100 వాట్లంటే +50 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే బలం). అంత దగ్గరగా, పైగా సమాంతరంగా ఉన్న రెండు తీగల మధ్య 30 డీబీ పోయిందనుకుందాం, అంతకంటే తక్కువే పోయి ఉండొచ్చు కూడా. అంటే మీ 20 మీటర్ల రిగ్ మూతి దగ్గర +20 డీబీఎం, అక్షరాలా 100 మిల్లీవాట్లు. ఎస్9 అంటే -73 డీబీఎం. మీరు వినాలనుకునే జపాన్ స్టేషన్ ఎస్5 మీద ఉంటే దానికీ మీ వాడి కేకకూ 117 డీబీ తేడా. పెళ్లి బ్యాండు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టే.

అయితే ఫిల్టర్ కొనేముందు ఒక పని చేయండి. మీరు ఒక జబ్బు అనుకుంటున్నారు, నాకు కనీసం రెండు కనిపిస్తున్నాయి, మూడోది కూడా ఉందేమోనని అనుమానం. దేనికి దాని మందు వేరు.

మొదటిది ఓవర్‌లోడ్. మీ రిసీవర్ ముందు భాగం పక్క బ్యాండు బలానికి తట్టుకోలేక సతమతమవుతుంది. ఇందులో పంపేవాడి తప్పేమీ లేదు, వాడు తన 7.090లోనే ఉన్నాడు. మందు వినేవాడి దగ్గర వేయాలి. రెండోది హార్మోనిక్, అంటే పంపే ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే నీడ సిగ్నల్. 7.090ని రెండుతో గుణిస్తే 14.180, మీకు కుండలో గొంతు వినపడింది సరిగ్గా అక్కడే. ఇది నిజంగానే 14 మెగాహెర్ట్జ్‌లో గాల్లోకి వెళుతున్న సిగ్నల్, కాబట్టి మీ 20 మీటర్ల రిగ్‌కి ఎంత ఖరీదైన 20 మీటర్ల ఫిల్టర్ పెట్టినా అది రాజమార్గంలో లోపలికి నడిచి వస్తుంది. దీని మందు పంపేవాడి దగ్గరే. చాలామంది ఇక్కడే డబ్బు పారేసుకుంటారు, వినే రిగ్‌కి ఫిల్టర్ పెట్టి హార్మోనిక్ పోలేదని ఫిల్టర్‌ని తిడతారు. ఇదే కోవలో ఇంకోటి ఉంది, పంపే రిగ్ తన ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ దూరదూరాలకు చిమ్మే సన్నని హోరు. దానికీ మందు పంపేవాడి దగ్గరే.

ఏది ఏదో తేల్చడానికి పైసా ఖర్చు లేని రెండు పరీక్షలు ఉన్నాయి. మీ వాణ్ని ఆగకుండా ఒకటీ రెండూ లెక్కపెట్టమని చెప్పి, మీ రిగ్‌లో 20 డీబీ అటెన్యుయేటర్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని తగ్గించేది) నొక్కండి. మోత సరిగ్గా 20 డీబీ తగ్గితే అది బయటినుంచి వస్తున్న సరుకు. 20 కంటే బాగా ఎక్కువ తగ్గితే, లేదా మాయమైపోయి మాయమైన స్టేషన్లు సన్నగా తిరిగొస్తే, అది మీ రిసీవర్ లోపలే పుడుతోంది. గరగరకు ఒకసారి, 14.180 దగ్గర ఒకసారి విడివిడిగా చూడండి. తర్వాత యాంటెన్నా పీకేసి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) తగిలించి వినండి. అప్పటికీ ఏదైనా వినపడితే అది యాంటెన్నా దారిన రావట్లేదు, కేబుల్ పైతొడుగు మీదుగానో పవర్ వైర్లలోంచో దొంగదారిన వస్తోందని అర్థం.

కేబుళ్లు ఎలా లాగారో రాయలేదు. అదీ చెప్పండి.

గోదారి_గట్టు

పాత వాల్వు గారూ, దండాలు. ఈరోజు సాయంత్రం మళ్లీ వెళ్లి చూశాం.

అటెన్యుయేటర్ నొక్కగానే గరగర పూర్తిగా పోయింది! ఎస్7 ఉన్న మోత కాస్తా సున్నా. ఎవరో రష్యన్ స్టేషన్ సన్నగా వినపడింది, అంతకుముందు వాడు ఉన్నాడనే తెలియదు. 14.180 దగ్గర మాత్రం ఎస్9 పైన 20 ఉన్నది సరిగ్గా ఎస్9కి దిగి ఆగిపోయింది. అంటే మీరు చెప్పినట్టు గరగర నా రిసీవర్‌ది, కుండ గొంతు వాడిది. డమ్మీ లోడ్ పెట్టాక కూడా మా వాడి మాట ఎక్కడో పక్కగదిలో రేడియో మోగినట్టు వినపడుతూనే ఉంది. ఇంకో చిత్రం, లాగింగ్ పెట్టుకున్న లాప్‌టాప్ స్పీకర్లోంచి కూడా టకటక వస్తోంది.

కేబుళ్ల సంగతి... చెప్పడానికి సిగ్గుగా ఉంది. పిల్లలు కాళ్లకు తట్టుకోకుండా రెండు కేబుళ్లనీ కలిపి ప్లాస్టిక్ టైలతో కట్టి, పిట్టగోడ పొడుగునా 15 మీటర్లు తెచ్చి మెట్లగదిలోకి దించాం. చూడ్డానికి మాత్రం చాలా నీట్‌గా ఉంది.

పాత_వాల్వు

అనుకున్నాను. ముందు ఆ టైలు కోసేయండి. ఒక కేబుల్ ఒక గోడ వెంట, ఇంకోటి ఎదురు గోడ వెంట రావాలి. రెండు టేబుళ్లు కూడా ఒకే మెట్లగదిలో వద్దు, చోటుంటే డాబాకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి.

ప్రతి యాంటెన్నా ఫీడ్ పాయింట్ దగ్గరా (కేబుల్ తీగని కలిసేచోట) ఒక చోక్ వేయండి, కేబుల్ పైతొడుగు మీదుగా వచ్చేదాన్ని అది ఆపుతుంది. 31 మిక్స్ అనే రకం పెద్ద ఫెర్రైట్ రింగ్ మీద ఆర్‌జీ-58 ఒక పన్నెండు చుట్లు. కోఠీ గుజరాతీ గల్లీలో రింగులు అడిగితే చేతికి దొరికింది ఇస్తారు, దాని మీద ఏ గుర్తూ ఉండదు, జాగ్రత్త. పాత కంప్యూటర్ పవర్ సప్లైలోంచి పీకిన పసుపు-తెలుపు రింగు ఉంటుంది చూడండి, అది ఇనుప పొడిది, ఈ పనికి బొత్తిగా పనికిరాదు. లాప్‌టాప్ వైర్లకు క్లిప్‌లాగా పెట్టే ఫెర్రైట్ గొట్టం ఒక్కటి తగిలిస్తే 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఉన్నా లేనట్టే, వైరుని దాంట్లోంచి నాలుగైదు సార్లు తిప్పగలిగితేనే ఏమైనా ఫలితం.

బ్యాటరీ కూడా విడగొట్టండి. 100 వాట్ల రిగ్ మాట గట్టిగా పలికినప్పుడల్లా ఇరవై ఆంపియర్ల దాకా లాగుతుంది. వైరు సన్నగా ఉంటే రిగ్ దగ్గర 12 వోల్టుల కంటే కిందికి పడిపోతుంది, అప్పుడు పవర్ ట్రాన్సిస్టర్లు వంకర సిగ్నల్ కక్కుతాయి, హార్మోనిక్కు, స్ప్లాటరు (పక్క ఫ్రీక్వెన్సీలకు చిమ్మడం) రెండూ పెరుగుతాయి. మీ వాడు స్పీచ్ ప్రాసెసర్ ఆన్ చేసి, మైక్ గెయిన్ చివరికంటా తిప్పి ఉంటాడు. అందరం చేసిందే అది. ఏఎల్‌సీ మీటర్ (మాట మరీ గట్టిదైతే చూపేది) గీత దాటకుండా చూసుకోమనండి.

ఇక అసలు మందు. కొననక్కర్లేదు, స్టబ్‌లు అనే కేబుల్ ముక్కలు రెండు చాలు. 7.1 మెగాహెర్ట్జ్‌కి తరంగం 42.25 మీటర్లు, పావు వంతు 10.56. మామూలు ఆర్‌జీ-58లో తరంగం వేగం బయటి వేగంలో 0.66 వంతే కాబట్టి కేబుల్ పొడవు 6.97 మీటర్లు. ఇలాంటివి రెండు ముక్కలు కోయండి.

మొదటి ముక్క చివర నడిమి తీగనీ చుట్టూ ఉన్న జల్లెడ తొడుగునీ కలిపి షార్ట్ చేసి, టీ కనెక్టర్‌తో 40 మీటర్ల రిగ్ వెనకాల తగిలించండి. 7 మెగాహెర్ట్జ్‌కి ఆ ముక్క ఉన్నట్టే తెలియదు. 14.2కి అదే ముక్క సగం తరంగం అవుతుంది, చివర ఉన్న షార్ట్ నేరుగా టీ దగ్గర కనిపిస్తుంది, హార్మోనిక్ అక్కడే కూలిపోతుంది. రెండో ముక్క చివర తెరిచి వదిలేసి 20 మీటర్ల రిగ్ వెనకాల పెట్టండి. దీని కథ తలకిందులు. 7 మెగాహెర్ట్జ్‌కి షార్ట్, 14కి ఏమీ లేనట్టు. మీ వాడి కేక మీ రిసీవర్‌లోకి రాకముందే సగం చస్తుంది. సగం అన్నాను గానీ సరిగ్గా చేస్తే 20 నుంచి 30 డీబీ.

ఇందులో నాకు నచ్చే విషయం ఏంటంటే మొదటి ముక్క రెండు పనులు చేస్తుంది. మీరు 14లో పంపుతున్నప్పుడు మీ సిగ్నల్ 40 రిగ్‌లోకి దూరకుండా కూడా అదే షార్ట్ కాపాడుతుంది. మూడో హార్మోనిక్ 21.270కి మాత్రం ఇది పనిచేయదు, అక్కడ అది ముప్పావు తరంగం, అంటే మళ్లీ కనపడకుండా పోతుంది. మీరు 15 మీటర్లు పెట్టట్లేదు కాబట్టి సరిపోయింది.

కొంచెం పొడుగ్గా కోసి, నానోవీఎన్ఏ (ఫ్రీక్వెన్సీల గ్రాఫ్ గీసే చిన్న పరికరం) పెట్టి, గ్రాఫ్‌లో గుంట 7.1 మీదికి వచ్చేదాకా కత్తిరించుకుంటూ రండి. కొలిచి కోశానని గర్వపడకండి.

ఫిల్టరే_బెటర్

స్టబ్‌లు అవీ బానే ఉంటాయి కానీ పిల్లల ముందు డెమో అంటే నేనైతే మంచి బ్యాండ్‌పాస్ ఫిల్టర్లు రెండు కొనేస్తాను. పక్క బ్యాండులని 40, 50 డీబీ కొట్టేస్తాయి. 7 మీటర్ల కేబుల్ చుట్ట టేబుల్ కింద పెట్టుకుని, టీలు తగిలించి, అది ఎవడో కాలితో తంతే అప్పుడు చూడండి. డబ్బు లేదంటే చేతితో చేసుకోండి, డబ్ల్యూ3ఎన్‌క్యూఎన్ (ఒక అమెరికా హామ్ కాల్‌సైన్) డిజైన్ అని ఎప్పటినుంచో కాంటెస్ట్ వాళ్లంతా వాడుతున్నదే ఉంది. టొరాయిడ్లు (రింగ్ కాయిల్స్) చుట్టుకోవడమే.

పాత_వాల్వు

ఫిల్టర్ మంచిదే, ఎవరు కాదన్నారు. ఒకటే కొనగలిగితే 40 మీటర్లది కొని 40 రిగ్‌కే పెట్టమంటాను, ఎందుకంటే హార్మోనిక్‌ని, పంపే రిగ్ చిమ్మే హోరుని రెండింటినీ అదే ఆపుతుంది. వినే వైపు తెరిచిన స్టబ్‌తో నెట్టుకురావచ్చు.

కానీ ఫిల్టర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. అది 50 ఓములకు పుట్టింది. రిగ్ లోపలి ట్యూనర్ (యాంటెన్నాని రిగ్‌కి పొసగించేది) ఆన్ చేసి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత పొసగట్లేదో చెప్పే కొలత, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 3 ఉన్న తీగను లాగుతుంటే, ట్యూనర్ రిగ్‌లో ఉంది, ఫిల్టర్ బయట ఉంది, రిగ్ మీటర్ మీద అంతా చక్కగా 1.1 అని కనపడుతుంది, ఫిల్టర్ మాత్రం ఆ 3ని మోస్తూ ఉడుకుతుంది. వంద వాట్లది అని రాసి ఉన్న ఫిల్టర్లోంచి లక్క కాలిన వాసన వచ్చాకే నాకు ఈ సంగతి తెలిసింది. మూత తీస్తే ఒక కెపాసిటర్ నల్లగా, పల్లీ మాడినట్టు. కాబట్టి ముందు యాంటెన్నానే 1.5 లోపలికి కత్తిరించుకోండి, లోపలి ట్యూనర్ ఆపేయండి. బయటి ట్యూనర్ అయితే రిగ్, ఫిల్టర్, ట్యూనర్, యాంటెన్నా, ఈ వరసలో.

టెక్సస్_తెలుగోడు

బ్రదర్, ఇది చదువుతుంటే మా మొదటి ఫీల్డ్ డే గుర్తొచ్చింది. ఇక్కడ అమెరికాలో ఏటా జూన్‌లో నాలుగో వారాంతం క్లబ్బులన్నీ ఊరవతల గుడారాలు వేసుకుని ఇదే పని చేస్తాయి. వెయ్యి అడుగుల వ్యాసం ఉన్న వలయంలోనే స్టేషన్లన్నీ ఉండాలని రూలు, ఎన్ని ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి నడిపితే ఆ అంకె, రెండైతే 2ఏ, మూడైతే 3ఏ అలా. మేం 3ఏ పెట్టి మొదటి గంటలోనే కొట్టుకునే దాకా వచ్చాం. సీడబ్ల్యూ (మోర్స్) వాడు కీ నొక్కితే ఎస్ఎస్‌బీ (మాట) వాడు కుర్చీలోంచి లేచేవాడు.

అక్కడ నేర్చుకున్నదేంటంటే ఫిల్టర్, స్టబ్ అన్నీ తర్వాత, ముందు తీగలు కట్టే పద్ధతి మార్చాలి. డైపోల్ తన వెడల్పు వైపు గట్టిగా అరుస్తుంది, చివరల వైపు దాదాపు మూగ. మీరు రెంటినీ సమాంతరంగా కట్టారు, అంటే ఎదురెదురు నిలబడి ఒకరి మొహాన ఒకరు అరుస్తున్నట్టు. మీ డాబా 45 మీటర్లు పొడుగు అన్నారు. 40 డైపోల్ 20 మీటర్లు, 20 డైపోల్ 10 మీటర్లు, రెంటినీ ఒకే గీతలో వరసగా కట్టినా మధ్యలో 15 మీటర్ల ఖాళీ మిగులుతుంది. చివర చివరకి ఎదురుగా ఉండాలి. పైసా ఖర్చు లేదు. ఇన్వర్టెడ్ వీ కాళ్లు వీలైనంత బల్లపరుపుగా తెరవండి, బాగా వంచితే నిలువు పోలరైజేషన్ (నిలువుగా ఊగే తరంగం) కలిసి చివర వైపు కూడా అరవడం మొదలుపెడుతుంది. ఇంత దగ్గరలో పుస్తకాల్లోని బొమ్మల్లాగా పూర్తి నిశ్శబ్దం రాదు, అయినా తేడా చెవికే తెలిసిపోతుంది.

ఇక ఫ్రీక్వెన్సీలు. 7.090 మీద ఉంటే హార్మోనిక్ 14.180లో పడుతుంది, స్కౌట్లు కలుసుకునే 14.290కి అది 110 కిలోహెర్ట్జ్ దూరం, బానే ఉంది. మీ వాడు జనం ఎక్కువున్నారని జరుగుతూ జరుగుతూ 7.145కి వచ్చాడో, సరిగ్గా మీ నెత్తి మీద పడతాడు. ఇండియాలో 40 బ్యాండ్ 7.200 దాకా ఉంది కదా, 7.175 పైన మాట్లాడితే హార్మోనిక్ 14.350 దాటిపోయి 20 బ్యాండ్ బయటే పడుతుంది. మేం ఒక అట్టముక్క మీద ఈ గుణకారాలు రాసి 40 టేబుల్ మీద అతికించేవాళ్లం, లేకపోతే అర్ధరాత్రి నిద్రమత్తులో ఎవడికీ గుర్తుండదు.

ఇంకోటి, పవర్. 100 నుంచి 25 వాట్లకి దిగితే అవతలి స్టేషన్‌కి తేడా ఒక్క ఎస్ యూనిట్టే. పక్క టేబుల్ వాడికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. పగటిపూట దేశంలోని స్టేషన్లతో 40లో మాట్లాడటానికి 100 వాట్లు ఎందుకు చెప్పండి?

వాకీటాకీ_వాసు

మధ్యలో దూరుతున్నందుకు సారీ, ఇది కూడా అదే జాతి సమస్య అనుకుంటున్నా. స్పేస్ స్టేషన్‌లోని రిపీటర్‌కి (విన్నది మళ్లీ పంపే రేడియో) 145.990లో పంపుతూ 437.800లో వినాలి కదా. రెండు హ్యాండ్‌సెట్లు, ఒకే బూమ్ మీద రెండు బ్యాండ్ల యాగీ యాంటెన్నా. నేను మాట్లాడుతున్నంతసేపూ నా గొంతు కిందికి రావడం వినపడదు, వదలగానే వేరేవాళ్లవి వినపడతాయి. హ్యాండ్‌సెట్ చెడిపోయిందా?

టెక్సస్_తెలుగోడు

చెడిపోలేదు. 145.990ని మూడుతో గుణించండి, 437.970. మీరు వినేదానికి 170 కిలోహెర్ట్జ్ పక్కనే మీ మూడో హార్మోనిక్, పైగా చవక హ్యాండ్‌సెట్లకి ముందు ఫిల్టర్ ఉందో లేదో అన్నట్టు ఉంటుంది కాబట్టి 145లోని అసలు సిగ్నలే దాన్ని చెవిటిదాన్ని చేస్తుంది. డిప్లెక్సర్ (రెండు బ్యాండ్లని విడగొట్టేది) ఒకటి తగిలించండి, అందులో 2 మీటర్ల దారిలో ఉన్న లో-పాస్ మీ హార్మోనిక్‌ని ఆపుతుంది, 70 సెంటీమీటర్ల దారిలో ఉన్న హై-పాస్ 145ని లోపలికి రానివ్వదు. ఇక్కడ కూడా పంపే వైపు ఒకటి, వినే వైపు ఒకటి, పాత వాల్వు గారు చెప్పిందే.

గోదారి_గట్టు

అప్‌డేట్. నవ్వకండి.

ఆర్‌జీ-58 చాల్లేక, మా ఇంట్లో డిష్ టీవీ తీసేసినప్పుడు మిగిలిన ఆర్‌జీ-6 చుట్ట ఉంటే అదే వాడాను. సరిగ్గా 6.97 కొలిచి, చెప్పినా వినకుండా, టకీమని కోసేశాను. నానోవీఎన్ఏ పెడితే గుంట 8.8 దగ్గర! గంటసేపు కాలిబ్రేషన్ తప్పేమో అని మళ్లీ మళ్లీ చేసుకున్నాను. తర్వాత వెలిగింది, అది ఫోమ్ కేబుల్, వేగం 0.66 కాదు, 0.82 పైన. 8.6, 8.7 మీటర్లు ఉండాలి దానికి. అతకలేక ఇంకో ముక్క 9 మీటర్లు కోసి, ఈసారి బెత్తెడు బెత్తెడు కత్తిరించుకుంటూ 7.1కి తెచ్చాను. నిన్న ఆర్‌జీ-58 కూడా దొరికింది, 40 రిగ్‌కి షార్ట్ చేసింది దాంతో చేశాను.

ఒక్కోటి మార్చి ఒక్కోసారి కొలిచాం, కలగాపులగం చేస్తే ఏది పనిచేసిందో తెలియదని. టైలు కోసి కేబుళ్లు రెండు గోడలకీ విడగొట్టి, రెండో బ్యాటరీ తేగానే పక్కగది రేడియో సగం పోయింది. చోక్‌లు వేశాక డమ్మీ లోడ్ మీద పూర్తి నిశ్శబ్దం, లాప్‌టాప్ టకటక కూడా ఆగింది. తెరిచిన స్టబ్ నా రిగ్‌కి తగిలించగానే గరగర ఎస్7 నుంచి ఎస్2కి వచ్చింది, అది తగిలించిన క్షణం మాత్రం మర్చిపోలేను, ఎవరో కిటికీ మూసినట్టు. తీగలు ఒకే వరసలోకి మార్చాక గరగర అన్నదే లేదు, అటెన్యుయేటర్ అవసరం లేకుండానే వింటున్నాను.

హార్మోనిక్ దగ్గరే పేచీ. షార్ట్ స్టబ్ పెట్టాక ఎస్9 పైన 20 ఉన్నది ఎస్9 పైన 10కి వచ్చి ఆగిపోయింది. తీగలు మార్చాక కూడా అంతే. 20 నుంచి 30 డీబీ అన్నారు కదా, 10 కూడా కష్టంగా ఉంది. నానోవీఎన్ఏలో గుంట 14.2 దగ్గర చక్కగా కనపడుతోంది మరి.

పాత_వాల్వు

స్టబ్ బాగుంది, హార్మోనిక్ తగ్గలేదు. అంటే కొంత హార్మోనిక్ స్టబ్ దాటాక పుడుతోంది. డాబా మీద ఇనుము ఏముంది? తుప్పు పట్టిన రెండు ఇనుప ముక్కలు వదులుగా ఆనుకుంటే ఆ అతుకు డయోడ్ లాగా పనిచేస్తుంది, మీ 7 మెగాహెర్ట్జ్‌ని మింగి 14 కక్కుతుంది. మీ వాడిని లెక్కపెట్టమని చెప్పి, ఒకరు వెళ్లి అక్కడున్న ఇనుప సామానంతా కదిపి చూడండి. మీటర్ ఎగిరినచోట దొంగ ఉన్నట్టు. అలా దొరక్కపోతే రిగ్‌కీ స్టబ్ టీకీ మధ్య రెండు మూడు మీటర్ల కేబుల్ చేర్చి చూడండి, ఒక్కోసారి స్టబ్ తప్పుడు చోట కూర్చుంటే కూడా పనిచేయదు.

గోదారి_గట్టు

దొరికింది!! వాటర్ ట్యాంకు నిచ్చెన. ట్యాంకు పక్కన ఇనుప పైపు ఉంది, నిచ్చెన పైమెట్టు దానికి ఊరికే ఆని ఉంది, రెండూ ఎర్రగా తుప్పు. 40 తీగ చివర దానికి నాలుగడుగుల దూరంలో ఉంది. వాచ్‌మన్ బాబాయ్ నిచ్చెన పట్టుకుని ఊపుతుంటే నా ఎస్ మీటర్ ఆయన తాళానికి ఆడింది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు, "ఇంకా ఊపమంటారా బాబూ" అని అడుగుతూనే ఉన్నాడు.

పైపుకీ నిచ్చెనకీ మధ్య పాత సైకిల్ ట్యూబ్ నాలుగు మడతలు పెట్టి గట్టిగా కట్టేశాం, తీగ చివరని అవతలికి జరిపాం. ఇప్పుడు 14.180 దగ్గర ఎస్7. మా వాడు 25 వాట్లకి దిగితే ఎస్6. దానికి దూరంగా 14.290 మీద ఉంటే వాడు ఉన్నాడో లేడో నాకు తెలియట్లేదు. గుణకారాల అట్ట కూడా రాసి అతికించాం, 7.145 పక్కన ఎర్ర స్కెచ్‌తో ఇంటూ గుర్తు.

ఒక్క డౌటు మిగిలింది. ఆ రెండ్రోజులూ వాన పడితే సైకిల్ ట్యూబ్ తడిసి మళ్లీ మొదటికొస్తుందా? 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).

పాత_వాల్వు

ట్యూబ్ తడిసినా పర్వాలేదు, ఇనుముకు ఇనుము ఆనకపోతే చాలు. స్టబ్ తెరిచిన చివర మాత్రం టేపు చుట్టి, మూత బిగించి, కిందికి వేలాడదీయండి. అందులోకి నీళ్లెక్కితే గుంట పక్కకి జరుగుతుంది, అప్పుడు మళ్లీ నిచ్చెన మీద అనుమానపడతారు. ఉరుములు మొదలైతే మాత్రం స్టబ్బూ గిబ్బూ అని చూడకుండా రెండు కేబుళ్లూ పీకి బయట పారేసి పిల్లల్ని కిందికి దించండి. 73.